కోత లేకుండా ఊపిరితిత్తులకు పరీక్ష, చికిత్స: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఛాతీని తెరవకుండా, నోటి ద్వారానో ముక్కు ద్వారానో పంపే సన్నని గొట్టంతో గాని, పక్కటెముకల మధ్య పెట్టే చిన్న రంధ్రం గుండా గాని చేసే పరీక్షలు, చికిత్సల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ సమాధానమిస్తున్నాను. చాలామంది ఈ పరీక్ష ఎలా చేస్తారని అడుగుతున్నారు గాని, దేన్ని తేల్చుకోవడానికి చేస్తున్నారని తమ డాక్టర్‌ను అడగడం లేదు. ఆ సంగతి తెలియకుండా చేయించాలో వద్దో నిర్ణయించుకోవడం కష్టం కనుక, వీలైనచోటల్లా ముందు దాని గురించే చెప్పాను.

ప్రశ్న: మా నాన్నగారి వయసు 61 ఏళ్లు. రెండు నెలలుగా పొడి దగ్గు, సాయంత్రం పూట కొద్దిపాటి జ్వరం ఉన్నాయి, బరువు కూడా తగ్గారు. సీటీ స్కాన్‌లో ఛాతీ మధ్యభాగంలో లింఫ్ గ్రంథులు ఉబ్బి ఉన్నాయని తేలింది. కళ్లె పరీక్షలో టీబీ కనబడలేదు. ఒక డాక్టర్ గారు టీబీ మందులు మొదలుపెట్టి చూద్దామన్నారు. మరొకరు ముందు ఈబస్ అనే పరీక్ష చేయించమన్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు.

జవాబు: నాన్నగారి ఆరోగ్యం ఆ పరీక్షకు తట్టుకునేలా ఉంటే, మందులు మొదలుపెట్టక ముందే ఈబస్ చేయించడం మంచిదని నా అభిప్రాయం. మీరు చెప్పిన లక్షణాలకు కనీసం నాలుగు కారణాలు ఉండవచ్చు: టీబీ, సార్కాయిడోసిస్ (ఇన్ఫెక్షన్ గాని క్యాన్సర్ గాని కాకుండా గ్రంథులు వాచే జబ్బు), లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్), ఊపిరితిత్తుల క్యాన్సర్. సీటీ స్కాన్ గ్రంథులు ఎంత పెరిగాయో, ఎక్కడున్నాయో చూపిస్తుంది గాని, లోపల ఏ జబ్బు ఉందో కచ్చితంగా చెప్పలేదు. ఈ నాలుగింటికీ చికిత్సలు వేరు. అంతేకాదు, సార్కాయిడోసిస్‌కు వాడే స్టెరాయిడ్లను పొరపాటున టీబీ ఉన్నవారికి టీబీ మందులు లేకుండా ఇస్తే జబ్బు ముదురుతుంది. క్యాన్సర్ ఉన్న మనిషికి రెండు మూడు నెలలు టీబీ మందులు వాడి చూస్తే ఆ కాలమంతా చేతులారా పోగొట్టుకున్నట్టే.

ఈ గ్రంథులు రెండు ఊపిరితిత్తుల మధ్య, శ్వాసనాళాన్ని ఆనుకుని, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళాల పక్కనే ఉంటాయి. పూర్వం వీటి నుంచి ముక్క తీయాలంటే పూర్తి మత్తు ఇచ్చి, రొమ్ము ఎముకకు పైన మెడ దగ్గర కోత పెట్టి, మీడియాస్టినోస్కోపీ చేయవలసి వచ్చేది. ఈబస్, అంటే ఎండోబ్రాంకియల్ అల్ట్రాసౌండ్, వచ్చాక ఆ అవసరం చాలావరకు తగ్గింది. ఇందులో గొట్టం కొనలోనే ఒక చిన్న అల్ట్రాసౌండ్ పరికరం ఉంటుంది. దాన్ని శ్వాసనాళం గోడకు ఆనించగానే గోడ వెనకాల ఉన్న గ్రంథి తెరమీద కనిపిస్తుంది. రక్త ప్రవాహాన్ని చూపే డాప్లర్ వేసి చూస్తే ఏది రక్తనాళమో, ఏది గ్రంథో తెలిసిపోతుంది. అప్పుడు మిల్లీమీటరు కన్నా సన్నని సూదిని గోడ గుండా గ్రంథిలోకి దించి, సూది కొన కదలికను తెరమీద చూస్తూనే నమూనా తీస్తారు. బయట ఎక్కడా కోత ఉండదు, చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు. తీవ్రమైన ఇబ్బందులు వందమందిలో ఒకరిద్దరికి మించి రావు.

పరీక్షకు ముందు మీరు అడగవలసిన మాట ఒకటుంది. తీసిన నమూనాలను ఏయే పరీక్షలకు పంపుతున్నారని అడగండి. నమూనా మొత్తాన్ని ఫార్మలిన్ అనే నిల్వ ద్రవంలో వేస్తే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి కాబట్టి టీబీ కల్చర్ (క్రిములను పెంచి చూసే పరీక్ష) చేయడం వీలుకాదు. అందుకే కొంత భాగాన్ని సెలైన్‌లో విడిగా ఉంచి జీన్‌ఎక్స్‌పర్ట్‌కు (టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష), కల్చర్‌కు పంపాలి. లింఫోమా అనుమానం ఉంటే కణాల రకాలను గుర్తించే ఫ్లో సైటోమెట్రీకి కూడా కొంత నమూనా కావాలి. గదిలో గొట్టం వేసే డాక్టర్ నైపుణ్యం ఎంత ముఖ్యమో, తీసిన నమూనా సరైన సీసాలోకి వెళ్లడం కూడా అంతే ముఖ్యమని నేను నమ్ముతాను.

ఫలితం గురించి కూడా కొంత తెలుసుకోండి. రిపోర్టులో గ్రాన్యులోమా (వాపు కణాల చిన్న గుంపు) అని వస్తే అది టీబీ కావచ్చు, సార్కాయిడోసిస్ కూడా కావచ్చు. జీన్‌ఎక్స్‌పర్ట్ ఫలితం కొన్ని గంటల్లోనే తేలుతుంది గాని, కల్చర్ పూర్తయ్యేసరికి ఆరు వారాల దాకా పట్టవచ్చు. ఏమీ దొరకలేదని రిపోర్టు వస్తే జబ్బు లేదని అర్థం చేసుకోకూడదు. నమూనా చాలకపోయి ఉండవచ్చు, ముఖ్యంగా లింఫోమాలో సూదితో తీసిన కణాలు సరిపోక పెద్ద ముక్క కావలసి వస్తుంది. ఒకవేళ క్యాన్సర్ అని తేలితే, ఈ పరీక్షే జబ్బు ఎంతవరకు పాకిందో, ఆపరేషన్ వల్ల ప్రయోజనం ఉంటుందో లేదో తెలుసుకోవడానికి కూడా పనికొస్తుంది. అదే నమూనాతో ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే వంటి జన్యు పరీక్షలు చేయించి తగిన మందును ఎంచుకోవచ్చు.

ప్రశ్న: నాకు బ్రాంకోస్కోపీ చేయాలన్నారు. గొట్టం గాలి వెళ్లే దారిలోనే కదా వేస్తారు, మధ్యలో ఊపిరాడకపోతే ఏం చేయాలన్న భయంతో రెండుసార్లు వాయిదా వేసుకున్నాను.

జవాబు: ఈ భయం చాలామందికి ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. పెద్దవారి శ్వాసనాళం వెడల్పు సుమారు 15 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటుంది. మామూలుగా వాడే, వంగే బ్రాంకోస్కోప్ మందం 5 నుంచి 6 మిల్లీమీటర్లు మాత్రమే. కాబట్టి గొట్టం చుట్టూ గాలి ఆడడానికి కావలసినంత చోటు మిగిలే ఉంటుంది. పైగా ముక్కుకు ఆక్సిజన్ పెడతారు, రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో వేలికి తగిలించిన పరికరం ప్రతి క్షణం చూపిస్తూనే ఉంటుంది.

ముందుగా గొంతులో లిడోకైన్ మందు చల్లుతారు. అది చేదుగా ఉంటుంది, కాసేపటికి గొంతు మొద్దుబారి, ఉమ్మి మింగలేకపోతున్నట్టు అనిపిస్తుంది. చాలామంది ఊపిరాడడం లేదని కంగారు పడేది సరిగ్గా ఈ సమయంలోనే. నిజానికి గాలి ఆడుతూనే ఉంటుంది, స్పర్శ మాత్రమే పోయి ఉంటుంది. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే నిదానంగా ముక్కుతో గాలి పీలుస్తూ ఉండవచ్చు. తర్వాత నరం ద్వారా మిడజోలాం వంటి మగత మందు ఇస్తారు, దానివల్ల జరిగినదంతా చాలామందికి గుర్తు కూడా ఉండదు. గొట్టం స్వరపేటిక దాటేటప్పుడు దగ్గు వస్తుంది, అప్పుడు మరికొంత మందు వదులుతారు. లోపల అనుమానం ఉన్న భాగంలోకి 100 నుంచి 300 మిల్లీలీటర్ల సెలైన్‌ను కొంచెం కొంచెంగా పంపి తిరిగి లాగుతారు. ఇలా కడిగి తీసిన ద్రవంలో టీబీ, ఫంగస్, ఇతర ఇన్ఫెక్షన్లు, క్యాన్సర్ కణాలు ఉన్నాయేమో చూస్తారు.

పరీక్షకు ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు, రెండు గంటల ముందు నుంచి నీళ్లు కూడా తాగకూడదు. పరీక్ష అయ్యాక గొంతు మొద్దుబారి ఉంటుంది కాబట్టి తిన్నది, తాగినది ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదముంది. అందుకే సుమారు రెండు గంటలు ఆగి, మొదట ఒక గుక్క నీళ్లు తాగి చూసి, దగ్గు రాకపోతేనే తినాలి. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే తప్పక చెప్పండి. ముక్క తీయాలంటే క్లోపిడోగ్రెల్‌ను సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపిస్తారు. అయితే గుండెకు స్టెంట్ వేయించుకున్నవారు దాన్ని సొంతంగా ఆపితే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంటుంది, గుండె డాక్టర్ అనుమతి లేకుండా ఆ పని చేయకండి.

పరీక్ష తర్వాత ఒకటి రెండు రోజులు కళ్లెలో రక్తపు చారలు కనిపించడం, ఆ రోజు సాయంత్రం కాస్త జ్వరం రావడం మామూలే. గడ్డలుగా రక్తం పడినా, ఆయాసం పెరిగినా, ఛాతీలో ఒకపక్క నొప్పి మొదలైనా, జ్వరం మర్నాటికి కూడా తగ్గకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

1897లో జర్మనీలో గుస్టావ్ కిలియన్ అనే వైద్యుడు వంగని లోహపు గొట్టంతో ఒక రోగి శ్వాసనాళంలో ఇరుక్కున్న ఎముక ముక్కను తీశారు. వంగే గొట్టాన్ని 1960ల్లో జపాన్‌కు చెందిన షిగెటో ఇకెడా రూపొందించిన తర్వాతే ఈ పరీక్ష మెలకువగా ఉన్న మనిషికి కూడా చేయగలిగేంత సులువైంది. ఇన్ని దశాబ్దాలుగా వాడుకలో ఉన్న పరీక్ష ఇది, మరోసారి వాయిదా వేయకండి.

ప్రశ్న: మా అత్తగారి ఊపిరితిత్తిలో చిన్న గడ్డ ఉంది. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని బంధువులు భయపెడుతున్నారు. నిజమేనా?

జవాబు: సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు నాటుకోవడం చాలా అరుదు. ముక్క తీశాక జబ్బు పెరిగినట్టు కనిపించడానికి కారణం ఎక్కువ సందర్భాల్లో అది అప్పటికే ముదిరి ఉండడమే. ముక్క లేకుండా ఏ రకం క్యాన్సరో తెలియదు, అది తెలియకుండా మందు ఎంచుకోవడం కుదరదు.

అయితే ప్రతి గడ్డకూ ముక్క తీయవలసిన పని లేదు. పొగతాగే అలవాటు, క్యాన్సర్ చరిత్ర లేని మనిషిలో 6 మిల్లీమీటర్ల కన్నా చిన్నదిగా ఒకే గడ్డ కనిపిస్తే సాధారణంగా మళ్లీ స్కాన్ కూడా అక్కర్లేదు. అంతకన్నా పెద్దదైతే పరిమాణాన్ని, అంచులను, పెరుగుదలను బట్టి నిర్ణయిస్తారు. ఊపిరితిత్తి అంచున, పక్కటెముకలకు దగ్గరగా ఉన్న గడ్డకు సీటీ స్కాన్ సాయంతో బయటి నుంచి సూది వేయడం సులువు, కాకపోతే దీనిలో ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే అవకాశం కాస్త ఎక్కువ. గాలి గొట్టానికి దగ్గరగా ఉన్న గడ్డను లోపలి నుంచి రేడియల్ ఈబస్ (సన్నని అల్ట్రాసౌండ్ పరికరంతో వెతకడం) లేదా నావిగేషన్ (స్కాన్ ఆధారంగా దారి చూపించడం) పద్ధతుల్లో చేరుకుంటారు. ఏ దారి మంచిదో గడ్డ ఉన్న చోటే చెబుతుంది కాబట్టి, స్కాన్ రిపోర్టు ఒక్కటే కాక ఫిల్ములు కూడా చూపించండి.

ప్రశ్న: మా అమ్మకు రొమ్ము క్యాన్సర్. కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరుతోంది. తీసిన రెండు వారాలకే మళ్లీ వస్తోంది, ఆయాసంతో పడుకోలేకపోతోంది. తీసేకొద్దీ ఊరుతుంది, తీయించవద్దు అంటున్నారు కొందరు.

జవాబు: నీరు ఊరుతున్నది జబ్బు వల్ల, తీయడం వల్ల కాదు. అమ్మగారు ఆయాసంతో కూర్చునే నిద్రపోవలసిన అవసరం లేదు, ఈ బాధను తగ్గించే మార్గాలు ఉన్నాయి.

నీరు ఎప్పుడు తీసినా అల్ట్రాసౌండ్‌తో చూస్తూ తీయాలి. ఒకేసారి సాధారణంగా ఒకటిన్నర లీటర్లకు మించి తీయరు. తీస్తున్నప్పుడు ఛాతీ బిగపట్టినట్టు అనిపించినా, ఆగకుండా దగ్గు వచ్చినా అమ్మగారు వెంటనే చెప్పాలి, అక్కడితో ఆపేస్తారు. చాలాకాలం నొక్కుకుపోయి ఉన్న ఊపిరితిత్తి ఒక్కసారిగా విచ్చుకుంటే దానిలోకే నీరు చేరవచ్చు, ఈ జాగ్రత్త అందుకోసమే.

మళ్లీ మళ్లీ సూది వేయించే బదులు ఇప్పుడు ఆలోచించవలసినవి రెండు పద్ధతులు. నీరు తీశాక ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుంటోందా లేదా అన్నదాన్ని బట్టి వాటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి, ఈ సంగతి నీరు తీసిన తర్వాత తీసే ఎక్స్-రేలో తెలుస్తుంది. విచ్చుకుంటుంటే, ఊపిరితిత్తి పొరకూ ఛాతీ గోడ పొరకూ మధ్య శుభ్రపరిచిన టాల్క్ పొడిని పంపి, రెండు పొరలూ అతుక్కునేలా చేయవచ్చు. దీన్ని ప్లూరోడెసిస్ అంటారు, దీనికి కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉండాలి, ఆ తర్వాత కొంత నొప్పి, జ్వరం వస్తాయి. విచ్చుకోకపోతే రెండు పొరలూ కలవవు గనుక టాల్క్ వల్ల ఫలితముండదు. అప్పుడు చర్మం కింద నుంచి మెత్తని సన్నని గొట్టం ఒకటి ఛాతీలోకి చాలాకాలం ఉండేలా అమర్చి, ఇంట్లోనే సీసా తగిలించి నీరు తీసుకునే ఏర్పాటు చేస్తారు. ఊపిరితిత్తి విచ్చుకునేవారు కూడా ఆసుపత్రిలో ఉండడం ఇష్టం లేకపోతే ఈ గొట్టాన్నే కోరుకోవచ్చు. కొందరిలో కొన్ని వారాలకు నీరు ఊరడం దానంతట అదే ఆగిపోయి, గొట్టం తీసేయవచ్చు కూడా. చేతులు శుభ్రంగా కడుక్కుని, మూత తెరిచే ప్రతిసారీ నేర్పిన పద్ధతి పాటిస్తే ఇన్ఫెక్షన్ ముప్పు తక్కువ. మీ ఇంట్లో ఆ పని ఎవరు చేయగలరో, అమ్మగారికి ఏది ఇష్టమో ఆమెనే అడిగి నిర్ణయించుకోండి.

ఇలాగే నీరు చేరి, కారణం తెలియనివారికి ఒక మాట. తీసిన నీటిని పరీక్షిస్తే క్యాన్సర్ ఉన్నవారిలో దాదాపు 60 శాతం మందిలోనే కణాలు దొరుకుతాయి. మిగతావారిలో పక్కటెముకల మధ్య చిన్న రంధ్రం నుంచి కెమెరా పంపి, పొరను కళ్లారా చూసి ముక్క తీసే థొరాకోస్కోపీ చేస్తారు. టీబీ వల్ల చేరిన నీటిని గుర్తించడానికి కూడా ఇది బాగా పనికొస్తుంది.

ప్రశ్న: మా రెండేళ్ల బాబు వారం కిందట వేరుశెనగ గింజలు తింటూ పొరబోయి బాగా దగ్గాడు. తర్వాత మామూలుగా ఆడుకున్నాడు. మూడు రోజుల నుంచి మళ్లీ దగ్గు, ఒకవైపు పిల్లికూతలు వినిపిస్తున్నాయన్నారు. ఎక్స్-రే బాగానే ఉంది.

జవాబు: ఈ పత్రిక చేతికి వచ్చేదాకా ఆగకూడదని మీకు విడిగా రాశాను. ఇలాంటి అనుమానం ఉన్న ఇతర తల్లిదండ్రుల కోసం ఇక్కడ మళ్లీ చెబుతున్నాను. పొరబోయాక దగ్గి, ఆ తర్వాత పిల్లవాడు హాయిగా ఉండడం గింజ బయటికి వచ్చేసిందనడానికి సాక్ష్యం కాదు. అది లోపలి గొట్టంలో ఒకచోట ఆగిపోతే కొన్ని రోజులు లక్షణాలు తగ్గినట్టు కనిపిస్తుంది. గింజలు ఎక్స్-రేలో కనబడవు. వేరుశెనగ గింజ తడికి ఉబ్బుతుంది, దాని నూనె చుట్టూ ఉన్న పొరను రేపి వాపు తెస్తుంది. కాబట్టి ఎక్స్-రే బాగున్నా, పొరబోయిన సంగతి స్పష్టంగా ఉండి ఒకవైపు పిల్లికూతలు వినిపిస్తుంటే బ్రాంకోస్కోపీ చేసి చూడవలసిందే. పిల్లల్లో పూర్తి మత్తు ఇచ్చి, వంగని గొట్టం ద్వారా గాలి అందిస్తూనే పట్టుకారుతో గింజను తీస్తారు. పిల్లల మత్తుమందు నిపుణులు ఉన్న ఆసుపత్రిలోనే ఈ పని జరగాలి.

గింజ ఇరుక్కున్న ఆ క్షణంలో పిల్లవాడు గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గలేక, ఏడవలేక, రంగు మారుతుంటే ఏడాది లోపు పాపను ముంజేతి మీద బోర్లా తలకిందుగా పట్టుకుని భుజాల మధ్య వీపు మీద అయిదు దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి ఛాతీ మీద అయిదు నొక్కులు ఇవ్వాలి. ఏడాది దాటిన పిల్లలకు ఛాతీ బదులు పైపొట్ట మీద నొక్కాలి. కనబడని వస్తువు కోసం గొంతులో వేలు పెట్టి వెతకకండి, అది ఇంకా లోపలికి పోతుంది. నాలుగైదేళ్ల లోపు పిల్లలకు గింజలు గింజలుగా ఇవ్వనే ఇవ్వవద్దు.

ప్రశ్న: నా వయసు 67. పొగతాగడం మూడేళ్ల కిందట మానేశాను. ఎంఫిసీమా అన్నారు. ఇన్‌హేలర్లు వాడుతున్నా నాలుగు అడుగులు వేస్తే దమ్ము వస్తోంది. ఊపిరితిత్తుల్లో వాల్వులు పెడితే బాగవుతుందని విన్నాను.

జవాబు: వాల్వులు కొందరికి నిజంగానే మేలు చేస్తాయి. ఆ కొందరిలో మీరు ఉన్నారో లేదో తేల్చుకోవడమే ఇక్కడ అసలు పని.

ఎంఫిసీమాలో గాలి గదుల గోడలు చెడిపోయి, ఊపిరితిత్తి సాగిపోయిన రబ్బరులా బిగువు కోల్పోతుంది. లోపలికి వెళ్లిన గాలి పూర్తిగా బయటికి రాదు. బాగా చెడిన భాగం ఉబ్బిపోయి, పక్కనున్న మంచి భాగాన్ని, కింద ఉన్న డయాఫ్రమ్‌ను (ఊపిరి పీల్చడానికి తోడ్పడే కండరం) నొక్కేస్తుంది. బాగా చెడిన ఆ ఒక్క లోబ్‌కు (ఊపిరితిత్తిలోని ఒక పెద్ద భాగం) వెళ్లే గొట్టాల్లో బ్రాంకోస్కోప్ ద్వారా ఒకవైపే తెరుచుకునే వాల్వులు అమరుస్తారు. గాలి బయటికి వస్తుంది గాని లోపలికి పోదు. ఆ భాగం ముడుచుకుపోయి, మిగతా భాగానికి విచ్చుకునే చోటు దొరుకుతుంది.

అయితే లోబ్‌ల మధ్య ఉండే గోడ పూర్తిగా ఉండాలి. ఆ గోడలో సందులుంటే పక్క లోబ్ నుంచి గాలి చేరిపోయి, వాల్వులు పెట్టినా ఉబ్బు తగ్గదు. అందుకే ముందు సన్నని ముక్కలుగా తీసిన సీటీ స్కాన్‌లో ఆ గోడను కొలుస్తారు, అవసరమైతే బెలూన్‌తో ఆ గొట్టాన్ని మూసి గాలి పక్కనుంచి వస్తోందేమో పరీక్షిస్తారు. ఊపిరి పూర్తిగా వదిలాక కూడా లోపల మిగిలే గాలి మామూలు కన్నా చాలా ఎక్కువ, ఉండవలసిన దానికి 175 శాతం వరకో ఆ పైనో, ఉన్నవారికే ఇది పనికొస్తుంది. పొగ మానేసి ఉండాలి, మీరు మానేయడం మంచి సంగతి. ముందు కొన్ని వారాలు ఊపిరితిత్తుల వ్యాయామ శిక్షణ తీసుకుని ఉండాలి, దానితోనే చాలామందికి నడవగలిగే దూరం పెరుగుతుంది. ఈ శిక్షణ సంగతి ఎత్తకుండా నేరుగా వాల్వుల మాట మాట్లాడితే మరో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి.

ప్రమాదం కూడా తెలిసి ఉండాలి. వాల్వులు పెట్టిన తర్వాత దాదాపు నలుగురిలో ఒకరికి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరుతుంది. ఎక్కువగా ఇది మొదటి మూడు రోజుల్లోనే జరుగుతుంది కనుక అన్ని రోజులూ ఆసుపత్రిలో ఉంచుతారు. ఆ తర్వాత ఎప్పుడు హఠాత్తుగా ఛాతీనొప్పి, ఆయాసం వచ్చినా క్షణం ఆలస్యం చేయకూడదు. ఫలితం లేకపోతే వాల్వులను తిరిగి తీసేయవచ్చు, ఈ పద్ధతిలో నాకు నచ్చిన విషయం అది. జబ్బు మాత్రం పోదు, ఇన్‌హేలర్లు కొనసాగించాలి.

ప్రశ్న: నా భార్య మూడు నెలల కిందట తీవ్ర అనారోగ్యంతో పన్నెండు రోజులు వెంటిలేటర్ మీద ఉండి కోలుకుంది. ఈమధ్య ఆయాసం, గాలి పీల్చేటప్పుడు గొంతులో ఈల శబ్దం వస్తున్నాయి. ఆస్తమా అని ఇన్‌హేలర్లు ఇచ్చారు. తగ్గడం లేదు. స్టెంట్ వేయవలసి వస్తుందా?

జవాబు: ఇది ఆస్తమా కాకపోవచ్చు. వెంటిలేటర్ గొట్టానికి ఉండే గాలి బుడగ శ్వాసనాళం గోడను రోజుల తరబడి నొక్కినచోట పుండు పడి, అది మానుతూ ముడుచుకుని దారి ఇరుకవుతుంది. కొన్ని వారాల తర్వాతే ఈ ఇబ్బంది బయటపడుతుంది. ఆస్తమాలో శబ్దం ఎక్కువగా గాలి వదిలేటప్పుడు ఛాతీలో వస్తుంది, ఇందులో పీల్చేటప్పుడు గొంతు దగ్గర వస్తుంది. మెడ, ఛాతీ సీటీ స్కాన్, ఊపిరి పరీక్షలో గాలి వేగాన్ని గీతగా చూపే ఫ్లో వాల్యూమ్ లూప్, బ్రాంకోస్కోపీ చేయిస్తే సంగతి తేలుతుంది. కూర్చున్నప్పుడు కూడా శబ్దం వస్తుంటే ఈ పరీక్షల కోసం అపాయింట్‌మెంట్ తీసుకుని ఎదురుచూడకండి, అత్యవసర విభాగానికే తీసుకెళ్లండి.

ఇరుకు సన్నని పొరలా ఉంటే, మత్తులో వంగని బ్రాంకోస్కోప్ ద్వారా రెండు మూడు చోట్ల చిన్న గాట్లు పెట్టి బెలూన్‌తో వెడల్పు చేస్తారు. ఇది మళ్లీ చేయవలసి రావచ్చు. ఇరుకు పొడవుగా ఉండి, మృదులాస్థి కూడా దెబ్బతిని ఉంటే, ఆరోగ్యం అనుమతించినవారికి ఆ భాగాన్ని కోసి తీసి రెండు కొసలూ కలిపే ఆపరేషనే శాశ్వత పరిష్కారం. కోత లేని చికిత్సల గురించి ఇంత రాశాక కూడా, ఇక్కడ మాత్రం కోతే మేలని చెప్పక తప్పదు. అది వీలుకానివారికి, లేదా దానికి సిద్ధమయ్యేదాకా, దారిని తెరిచి ఉంచే సిలికోన్ స్టెంట్ వేస్తారు. క్యాన్సర్ కాని ఇరుకుకు లోహపు స్టెంట్ వేయమని ఎవరైనా అంటే, మరో మార్గం లేదా అని తప్పక అడగండి. అది గోడలోకి నాటుకుపోయి తీయడం చాలా కష్టమవుతుంది.

స్టెంట్ వేస్తే లోపల కళ్లె గట్టిపడి మూసుకుపోకుండా ఇంట్లో రోజూ సెలైన్ నెబ్యులైజేషన్ చేయాలి. ఆయాసం, గొంతు మార్పు, ఆగని దగ్గు వస్తే స్టెంట్ జారిందేమో, దాని అంచుల దగ్గర కండ పెరిగిందేమో వెంటనే చూపించుకోవాలి. స్టెంట్ రకం, సైజు, అది ఎక్కడ ఉందీ రాసిన కార్డు ఆమె దగ్గర ఎప్పుడూ ఉండాలి. మరో సందర్భంలో ఎవరైనా ఆమెకు గొంతులో గొట్టం వేయవలసి వస్తే, లోపల స్టెంట్ ఉన్నదని ఆ కార్డు చూసే తెలుసుకుంటారు.